రెండో తుమ్ము

నేను బడి ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. అడిగినవాళ్ళే జవాబు కూడా చెప్పేసుకుంటారు. "పాపం, ఇంట్లో ఇబ్బందులు కదా" అంటారు. నేను తల దించుకుంటాను. ఇబ్బందులకు ఈ దేశంలో కాస్త మర్యాద ఉంది, భయానికి లేదు. నిజమేమిటంటే, తొమ్మిదో తరగతి లెక్కల పరీక్షనాడు ప్రశ్నపత్రం చేతికి రాగానే ముందు బెంచీ పిల్ల జడ మీద వాంతి చేసుకున్నాను. మర్నాడు సైన్సు పరీక్ష. వెళ్ళలేదు. ఆ తరువాత ఇంక దేనికీ వెళ్ళలేదు. ఆ పిల్ల నన్ను వెతుక్కుంటూ రాలేదు, ఆ ఏడాది నాకు దక్కిన అదృష్టం అదొక్కటే.

అప్పట్లో మేం టాటానగర్‌లో, బర్మామైన్స్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా సందు చివర ఆన్‌లైన్ ఫారాలు నింపే దుకాణం ఉండేది. అందులో పనికి కూర్చున్నాను. పరీక్ష అంటే వాంతయ్యే మనిషి రోజంతా ఊళ్ళో వాళ్ళ పరీక్షలకు దరఖాస్తులు పెట్టే పనిలో పడింది. రైల్వే, బ్యాంకు, పోలీసు, ఏదైనా సరే. ఫోటో ఇంత సైజుకి మించకూడదని, సంతకం అంత సైజుకి మించకూడదని ఒక్కో ఫారం ఒక్కోలా దబాయించేది. ఫోటోలు చేత్తో కుదించి కుదించి విసుగెత్తి, ఫోన్లో వీడియోలు చూసి, ఆ పని దానంతటదే జరిగిపోయేలా చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. నాకు చదువు చెప్పింది బద్ధకమే.

ఊళ్ళో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపే పెద్దమనిషి తన కొడుకు ఫారం కోసం మా దుకాణానికి వచ్చాడు. ఫోటో తనంతట తనే చిన్నదైపోవడం చూసి, "ఇదెవరు రాశారు?" అని హిందీలో అడిగాడు. ఏదో తప్పు దొరికిపోయిందనుకుని "నేను కాదు" అన్నాను. రెండోసారి అడిగితే ఒప్పుకున్నాను. పై నెల నుంచి ఆయన ఆఫీసులో ఉద్యోగం. లారీలకు గేటుపాసులు, బరువు తూచిన కాటా చీటీలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాది. ఏడేళ్ళుగా అదే రాస్తున్నాను. ఈలోగా పెళ్ళయింది, టాటానగర్ యార్డులో పనిచేసే మనిషితో. బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు, రెండు గదులు, మా ఆయన, మా అత్త, నేను.

పోయిన ఏడాది వానలు మొదలయ్యాక ఒక సోమవారం మా యజమాని అందర్నీ తన గదిలోకి పిలిచాడు. పెద్ద కంపెనీ ఒకటి తన గేటుపాసుల పని మొత్తం మాకే ఇస్తానందట. అయితే అంతా క్లౌడ్‌లో ఉండాలి. అంటే మన ఆఫీసు కంప్యూటర్లో కాకుండా, ఎక్కడో ఎవరివో పెద్ద కంప్యూటర్లలో అద్దెకుండాలి. ఇందులో చేయి పెట్టే ప్రతి మనిషికీ ఆ విద్యలో సర్టిఫికెట్ ఉండాలి. ఎవరెవరు పనిచేస్తారో జాబితా ఇచ్చి, పేరు పక్కన సర్టిఫికెట్ నంబరు వేయాలి. గడువు వచ్చే నెలాఖరు.

"లేనివాళ్ళ సంగతేమిటి సార్?" అన్నాను నవ్వుతూ.

"లేనివాళ్ళ పేరు జాబితాలో ఉండదు."

"పేరు లేకపోతే?"

"ఈ పని తప్ప మన దగ్గర ఇంకేం పనుంది దీదీ?" అన్నాడాయన, చాలా మెల్లగా. ఆయన అరిచే మనిషి. అరిచి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

పక్క కుర్చీ ఇంజనీరు ధైర్యం చెప్పాడు: "అరే భాభీ, టెన్షన్ మత్ లో. రెండు వారాలు చదివితే చాలు." అతనికి చదవడం అలవాటు. పదహారేళ్ళు చదివినవాడికి రెండు వారాలు ఒక లెక్కా? నేను చివరిసారి పరీక్ష రాసిన రోజున రాసింది కూడా లేదు.

నా చదువుకి ఇంకో రోగం ఉంది. ఇంగ్లీషు నేను కళ్ళతో చదవలేను, పెదవులతో చదువుతాను. లోపల గొణుక్కుంటే తప్ప ఒక్క ముక్క బుర్రకెక్కదు. పొద్దున్నే కొళాయి వచ్చే వేళకి లేచి, బకెట్లు నిండుతుంటే వంటింటి గడప మీద కూర్చుని చదివేదాన్ని. ఒక సర్వరు నిండిపోతే పని రెండో దానికి పంపడం, అదీ పడిపోతే మూడోది లేపడం. మన కాటా దగ్గర లారీలు నిలబడిపోతే రెండో గేటు తెరవడం లాంటిదేగా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. విషయం తెలుసు. ఏడేళ్ళు చేసిన పనే. దాన్ని ప్రశ్నగా వేస్తేనే తెలియకుండా పోతుంది.

"ఏటే, జపం చేత్తన్నావేటి?" అనేది మా అత్త.

"అవునత్తా, మేఘాల దేవుడికి."

"వాన ఇలగ పడతంటే ఇంకా పిలుత్తన్నావేటి? ఆపు!"

మా అత్తకు ఒక అలవాటు ఉంది. మా మామగారు పోయిన దగ్గర్నుంచీ, ఇంట్లో ఎవరైనా మంచి పనికి బయలుదేరుతుంటే ఆమె కనబడదు. విధవ మొకం ఎదురొస్తే పని చెడుతుందని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అనలేదు, ఆమే దాక్కుంటుంది. మా ఆయన ఉద్యోగంలో చేరిన రోజు స్నానాల గదిలో గడియ వేసుకుని కూర్చుందట. నా పెళ్ళిలో నేను ఆమె మొకం మూడో రోజున చూశాను. "అత్తా, దాగుడుమూతల్లో నిన్ను ఓడించేవాళ్ళు లేరు" అని నేను వేళాకోళం ఆడేదాన్ని. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే దాక్కునేది. మాకు అలవాటైపోయింది, గోడకి పెచ్చు ఊడితే అలవాటైపోయినట్టు.

ఊళ్ళో పరీక్ష కేంద్రంలో గడువు లోపల ఖాళీ దొరకలేదు. ఇంట్లోనే రాయొచ్చన్నారు. లాప్‌టాప్ కెమెరా తెరిచి పెడితే అవతల ఎక్కడో కూర్చున్న మనిషి మనల్ని చూస్తూ కాపలా కాస్తాడు. నియమాలు చదివితే చెమట పట్టింది. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. ఎవరూ లోపలికి రాకూడదు. కాగితం, పెన్ను, ఫోను, గడియారం ఏవీ ఉండకూడదు. మాట్లాడకూడదు. పక్కకి చూడకూడదు. అనుమానం వస్తే పరీక్ష అక్కడికక్కడే రద్దు. ఆ పైన వాళ్ళు విచారిస్తారు, తప్పని తేలితే మళ్ళీ ఎప్పటికీ రాయనివ్వకపోవచ్చు.

ఎప్పటికీ. ఆ మాట దగ్గర నా పెదవులు రెండుసార్లు ఆగాయి.

ఆదివారం పదకొండు గంటలకు పరీక్ష. శనివారమే గది ఖాళీ చేయడం మొదలుపెట్టాను. గోడ మీద క్యాలెండరు తీశాను. బట్టల తాడు విప్పాను. దేవుడి పటాలు కూడా తీసి వంటింట్లో పెడుతుంటే మా అత్త ఊరుకోలేదు.

"దేవుడేటి సేసినాడే? కాపీ అందిత్తాడేటి?"

"పటం కింద ఏవో అక్షరాలున్నాయత్తా. అక్షరాలుండకూడదంట."

"ఓలమ్మ! సదూకున్నోల్ల పరీచ్చకి అచ్చరాలే ఉండకూడదా?"

తీయలేనిది ఒకటే మిగిలింది. బీరువాకీ గోడకీ మధ్య సందులో ట్రంకుపెట్టె, దాని మీద చలికాలపు రజాయిలు, బొంతలు కుప్పగా. ఉంటే ఉన్నాయిలే, బొంతలు జవాబులు చెప్పవు కదా అని వదిలేశాను.

ఆదివారం మా ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. మా అత్తకు ముందే చెప్పాను, "అత్తా, రెండున్నర గంటలు గదిలోకి రాకూడదు, పిలవకూడదు, తలుపు కొట్టకూడదు." ఆమె పక్క క్వార్టరు ఆవిడ దగ్గర కూర్చుంటానని పదిన్నరకే బయటికి వెళ్ళింది. నేను మొహం కడుక్కుని, జుట్టు ముడి వేసుకుని, చెవులు కనబడాలన్నారు కదా అని రెండు పిన్నులు పెట్టుకుని, గదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాను.

కాపలా మనిషి గొంతు ఇంగ్లీషులో మర్యాదగా ఉంది. గది చూపించమన్నాడు. లాప్‌టాప్‌ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నాలుగు గోడలూ చూపించాను. బల్ల కింద చూపించాను. మంచం కింద చూపించాను, అక్కడ మా ఆయన పాత బూటు ఒకటి దొరికింది, ఏడాదిగా వెతుకుతున్నాడు. బీరువా వైపు చూపిస్తే బొంతల కుప్ప కనబడింది. సరే అన్నాడు. పరీక్ష మొదలైంది.

మొదటి ప్రశ్న చదివాను. అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. చేతివేళ్ళు చల్లబడిపోయాయి. తెర మీద ఒక మూల నా మొహం నాకే చిన్నగా కనబడుతోంది, దొంగతనం చేస్తూ దొరికినదాని మొహంలా. పదో ప్రశ్న దాకా అలాగే లాగాను. పదిహేనో ప్రశ్న మా కాటా లారీల లాంటిదే వచ్చింది. నాకు తెలిసింది! ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. వేళ్ళలో కాస్త వేడి వచ్చింది. ఇరవై మూడో ప్రశ్న సగంలో ఉండగా, నా వెనకాల ఎవరో తుమ్మారు.

కిటికీ అవతల సందులోంచి అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. యార్డులో ఏదో ఇంజను కూడా అప్పుడే కూత వేసింది. కాపలా మనిషి ఏమీ అనలేదు. నేను ఊపిరి బిగబట్టి ఇరవై మూడో ప్రశ్నకి జవాబు పెట్టాను. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. పోయిందిలే అనుకుంటుండగా మళ్ళీ తుమ్ము. ఈసారిది గట్టిది, కావాలని లాగి లాగి తుమ్మిన తుమ్ము.

"గదిలో మీరు కాక ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు కాపలా మనిషి.

నేను వెనక్కి తిరిగాను. తిరగకూడదు, అయినా తిరిగాను. బొంతల కుప్ప కదిలింది. పై రజాయి జారింది. నెత్తిన ముసుగు, ముసుగులో మా అత్త, నా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి, రెండు చేతులూ మొకానికి అడ్డం పెట్టుకుని.

తెర నల్లబడి, తెల్లబడి, మధ్యలో నాలుగు లైన్లు వచ్చాయి. మీ పరీక్ష రద్దు చేయబడింది. వ్యవహారం విచారణలో ఉంది.

జరిగింది తరువాత తెలిసింది. పక్క క్వార్టరుకి తాళం ఉందట. వెనక్కి వచ్చింది. నేను మొహం కడుక్కుని వస్తున్న చప్పుడు విని, ఎదురు పడకూడదని, దగ్గర్లో ఉన్న తలుపులోకి దూరింది. అది నా గది. నేను లోపలికి వచ్చి గడియ వేశాను. ఇప్పుడు బయటికొస్తే పరీక్ష మొదట్లోనే నా ఎదురుగా నిలబడినట్టవుతుంది. మాట్లాడకూడదని చెప్పింది నేనే. సరేనని బొంతల కింద కూర్చుంది, ఊపిరాడకుండా, నాఫ్తలిన్ ఉండల వాసనలో.

"తుమ్మావు సరే, అత్తా. ఒకటి తుమ్మావు, ఆడు పట్టించుకోలేదు. రెండోది ఎందుకు తుమ్మావు? అదీ అంత గట్టిగా?"

"ఒక తుమ్ము అపసకునం కాదేటే? రెండోది తుమ్మితే దోసం పోద్ది. అందుకని ముక్కులో బొంత దారం ఎట్టుకుని..." అక్కడ ఆగిపోయి ఏడ్చింది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపు నవ్వానో గాని, ఆగాక గోడ మీంచి తీసిన క్యాలెండరు వెతికి రోజులు లెక్కపెట్టాను. గడువుకి మూడు వారాలు ఉంది. విచారణ ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఏం తేలుతుందో తెలియదు.

సాయంత్రం మా ఆయన వచ్చి సంగతి విన్నాడు. "తుమ్ముకి పరీచ్చ పోద్దేటే? మా యార్డులో తుమ్మితే గూడ్సు ఆగుద్దేటి?" అని మమ్మల్నిద్దర్నీ నవ్వించాలని చూశాడు.

"పోద్ది మావా. మొత్తం బతుకే పోద్ది" అన్నాను. నా నోట్లోంచి అంత మాట ఎప్పుడూ రాలేదు కాబోలు, ఆయన బూటు విప్పుతున్నవాడు ఆగి నా మొహంలోకి చూశాడు.

వాళ్ళకి సంజాయిషీ రాయాలి, ఇంగ్లీషులో. మొదట నిజం నిజంలాగే రాశాను: మా అత్తగారు వితంతువు కాబట్టి బొంతల కింద దాక్కున్నారు. చదువుకుంటే పోలీసు కేసులా ఉంది. చెరిపేశాను. రెండోసారి శకునాల సంగతి వివరించబోయాను. ఎదురు రావడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియలేదు. చివరికి, ఇంట్లో పెద్దావిడ తెలియక గదిలో ఉండిపోయారు, ఆమెకు ఇంగ్లీషూ రాదు, కంప్యూటరూ రాదు, దయచేసి మరొక అవకాశం ఇవ్వండి, అని మూడు లైన్లు రాసి పంపాను. మూడు లైన్లలో మా అత్త అలవాటు లేదు. ఆమె ఎందుకు అక్కడుందో లేదు. అబద్ధం ఒక్కటీ లేదు, అయినా అబద్ధం చెప్పినట్టే ఉంది.

ఆ తరువాతి పది రోజులు నేను మనిషిని కాను. ఆఫీసులో గంటకోసారి స్నానాల గదిలోకి వెళ్ళి మెయిలు చూసుకునేదాన్ని. పక్క కుర్చీ ఇంజనీరు "భాభీ, పేట్ ఖరాబ్ హై క్యా?" అని కడుపు సంగతి అడిగాడు. అవునన్నాను. పూర్తిగా అబద్ధం కూడా కాదు. యజమానికి, టెక్నికల్ సమస్య వచ్చి పరీక్ష ఆగిందని చెప్పాను. "నెలాఖరు, దీదీ" అన్నాడు, అంతే. నా కుర్చీ, నా మగ్గు, గోడకి నేను అంటించిన కొంటె కార్టూను బొమ్మ, అన్నీ అప్పటికే ఎవరో వేరే వాళ్ళవి అయిపోయినట్టు చూసేదాన్ని. ఇక్కణ్ణుంచి పంపేస్తే ఇంకే ఆఫీసువాళ్ళు తొమ్మిదో తరగతి తప్పిన మనిషిని లోపలికి రానిస్తారు? మళ్ళీ ఫారాల దుకాణమే. ఇప్పుడు ఫోటోలు ఫోన్లే కుదించేస్తున్నాయి, ఆ దుకాణం కూడా లేదు.

ఇంట్లో మా అత్త మారిపోయింది. పొద్దున్న నేను ఆఫీసుకు బయలుదేరేదాకా వంటింటి తలుపు దగ్గరికి వేసుకునేది. టిఫిను డబ్బా గడప మీద పెట్టి ఉండేది, ఆమె ఉండేది కాదు. నేను తేలిక చేద్దామని ఒకరోజు తలుపవతల నుంచి అన్నాను: "అత్తా, బయటికి రా. నీ ఫోటో తీసి పంపమన్నారు. బొంతలో ఉన్నది నువ్వో కాదో పోల్చుకోవాలంట."

లోపల గిన్నె తోముతున్న చప్పుడు ఆగింది. తలుపవతల నుంచే మెల్లగా అంది: "పంపీయే. నా మొకం సూత్తే ఆల్లకీ తెలుత్తాది, ఎవుల్ల వల్ల పోనాదో."

వేళాకోళమని చెప్పాను. ఆమెకి ఎక్కలేదు. చిన్నప్పట్నుంచీ ఇంటినీ వీధినీ నవ్వించి బతికినదాన్ని. నా వేళాకోళం ఒక మనిషిని అంతలా కోయడం నేను అదే మొదటిసారి చూశాను.

పదకొండో రోజున మెయిలు వచ్చింది. తెరవడానికి చాలాసేపు పట్టింది నాకు. ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నాం, మళ్ళీ తేదీ తీసుకోవచ్చు, మరోసారి నియమం తప్పితే శాశ్వతంగా నిషేధం. గడువు లోపల ఒక్కటే ఖాళీ దొరికింది, నెలాఖరుకి రెండు రోజుల ముందు, గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి.

ఇక్కడ నా గురించి ఒక మాట రాయాలి. శకునాలు నేను నమ్మను. పిల్లి ఎదురొస్తే పిల్లికి దండం పెట్టి వెళ్ళే రకం నేను. కాని ఆ వారం రోజులూ దారిలో ఏవి ఎదురొస్తున్నాయో చూసుకుంటూ నడిచాను. ఖాళీ బిందెతో ఒకావిడ వస్తుంటే టీ కొట్టు పక్కకి తిరిగి, ఆవిడ వెళ్ళేదాకా టీ రేట్ల బోర్డు చదివాను. నేను నమ్మను, నమ్మను అని రోజుకెన్నిసార్లు అనుకున్నానో!

బుధవారం సాయంత్రం మా అత్త మా ఆయనతో అంది: "రేపు తెల్లారకముందే బారిడీ ఎల్పోతాను. సెల్లి ఇంటికాడ ఉంటాను. పరీచ్చ అయినాక ఫోను సెయ్యండి."

"నీకెందుకమ్మా ఈ వయసులో ఆటోలో? ఇక్కడే వంటింట్లో కూకో" అన్నాడాయన.

"వద్దు బాబూ. ఒగ్గీయ్."

ఆయన నా వైపు చూశాడు. ఆ మాట నేను అనాలి. అత్తా, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎదురుగా నిలబడు, నీ మొకం చూసే మొదలుపెడతాను అనాలి. సినిమాల్లో అయితే అంటారు. నేను చెంబు తీసుకుని నీళ్ళు తాగాను. చాలాసేపు తాగాను.

గురువారం ఇంకా మసక చీకటి ఉండగానే మెలకువ వచ్చింది. ఆమె లేచిన చప్పుడు. బకెట్టు, చెంబు. చెప్పులు వేసుకునే చప్పుడు. తరువాత నా గది గుమ్మం దగ్గర ఆగింది. వసారా లైటు వెలుగు నా ముందున్న గోడ మీద పడుతోంది, ఆమె నిలబడేసరికి ఆ వెలుగు తగ్గింది. నేను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను. తిరిగితే చాలు. "అత్తా" అంటే చాలు.

నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పొరపాటున కూడా తెరుచుకోకూడదని మూసుకున్నాను. వెలుగు మళ్ళీ గోడ మీదకి వచ్చింది. వీధి తలుపు గొలుసు పడింది. అప్పుడు నాకు ఊపిరి తేలికైంది. ఆ తేలికని ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

ఎనిమిదిన్నరకి బొంతలు కూడా లేవు, పక్క క్వార్టరులో పెట్టించాను. ఈసారి కాపలా ఆడమనిషి. గది చూసింది, బీరువా సందు రెండుసార్లు చూపించమంది. నా పేరు పక్కన ఎర్ర గుర్తేదో ఉండి ఉంటుంది. పరీక్ష మొదలైన పది నిమిషాలకు తెర మూలలో మాట వచ్చింది: పెదవులు కదపవద్దు. ఎవరితోనైనా మాట్లాడుతున్నట్టుగా కనిపిస్తోంది.

నేను నోరు మూసుకున్నాను. మూసుకుంటే చదవడం ఆగిపోయింది. అక్షరాలు కనబడుతున్నాయి, మాటలు కావడం లేదు. పై పెదవి మీద చెమట పట్టింది, తుడుచుకోడానికి భయం. చేయి నోటి దగ్గరికి వెళితే అదీ అనుమానమే. లెక్కల పరీక్షనాటి పులుపు గొంతు దాకా వచ్చింది. వాంతి చేసుకుంటే పరీక్ష రద్దు చేస్తారా అని నియమాల్లో లేదు.

ఎంతసేపటికో తట్టింది. పెదవులు మూసి, లోపల నాలుకని కదిలించాను. నాలుక పళ్ళ వెనకాల తిరుగుతుంటే మాటలు మెల్లగా మాటలయ్యాయి. అక్కణ్ణుంచి ఒక్కో ప్రశ్నా అలా నాలుకతోనే చదువుతూ పోయాను. నలభయ్యో ప్రశ్న దగ్గర యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకున్న చప్పుడుకి కుర్చీలో ఎగిరిపడ్డాను. తెర మూల వైపు చూస్తూ కూర్చున్నాను, వస్తుందేమో అని. రాలేదు. ఆ చూడటంలో నాలుగు నిమిషాలు పోయాయి. చివరి ఆరు ప్రశ్నలకి చదవకుండానే జవాబులు పెట్టాను.

ముగించు అని నొక్కితే ఫలితం రాలేదు. పరీక్ష మీకు ఎలా అనిపించింది, ఏర్పాట్లు సంతృప్తిగా ఉన్నాయా అని వరసగా ప్రశ్నలు వచ్చాయి. చాలా సంతృప్తి, చాలా సంతృప్తి, చాలా సంతృప్తి. తాడు మెడకేసి, ముడి హాయిగా ఉందా అని అడిగితే ఏమంటాం? ఆ తరువాత తెల్లటి తెర మీద ఒక్క మాట వచ్చింది. పాస్.

నేను కదల్లేదు. కెమెరా దీపం ఆరేదాకా నవ్వలేదు కూడా.

ఫోను చేస్తే బారిడీహ్‌లో చెల్లెలి ఇంట్లో మొదటి రింగుకే ఎత్తింది మా అత్త. ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుని ఉంటుంది.

"అత్తా, అయింది. పాసయ్యాను."

"అయినావా? నిజవేనా? నా తల్లే, నా తల్లే!" ఏడుస్తోంది, నవ్వుతోంది, వెనకాల ఎవరికో కేక వేసి చెబుతోంది. తరువాత గొంతు తగ్గించి, ఎంతో తృప్తిగా అంది: "సూసినావా మరి. నాను నేకపోతే అయిపోనాది."

ఏ మాటకైనా నాలుక చివర ఒక ఎదురుమాట సిద్ధంగా ఉండే మనిషిని నేను. కాదత్తా అంటే నమ్మదు. నమ్మించాలంటే, ఆమె గుమ్మంలో నిలబడినప్పుడు నేను మెలకువగానే ఉన్నానని ముందు చెప్పాలి. "నువ్వు తొందరగా వచ్చేయ్, అన్నం వండుతాను" అన్నాను.

జాబితాలో నా పేరు చేరింది. పక్కన నంబరు. యజమాని స్వీట్లు తెప్పించాడు. స్వీటు నోట్లో ఉండగానే చెప్పాడు, ఈ సర్టిఫికెట్ మూడేళ్ళే చెల్లుతుందని, ఈలోగా దీనిపైది ఇంకొకటి కూడా తీసుకోవాలని, పెద్ద కంపెనీవాళ్ళు అదీ అడుగుతున్నారని. మా అత్తకి చెబితే ఆశ్చర్యపోయింది: "మూడేల్లకి పాడైపోద్దేటి? పాల పేకెట్టేటే, తారీకు ఏసీడానికి?"

మొన్న ఆ పైదానికి తేదీ తీసుకున్నాను. మళ్ళీ ఇంట్లోనే, మళ్ళీ పొద్దున్నే. బియ్యం ఏరుతూ మా అత్త అడిగింది.

"పరీచ్చ ఎప్పుడే? ముందుగాల సెప్పు. సెల్లికి సెప్పుకోవాల, ఎల్పోవాల."

"ఇంకా తేదీ పడలేదత్తా."

"పడితే సెప్పు మరి."

"చెబుతాను."

ఫోన్లో తేదీ ఉంది. ఇరవై రెండు రోజులు. చెప్పకపోతే ఆ పొద్దున ఆమె ఇంట్లోనే ఉంటుంది, చాయ్ గ్లాసు పట్టుకుని నాకు ఎదురుగా వస్తుంది. అలాగే జరగాలని చెప్పకుండా దాచాను. దాచిన దగ్గర్నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. చెప్పేస్తే ఆమె వెళ్ళిపోతుంది, నేను మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోవచ్చు. రోజుకి రెండుసార్లయినా నోటి దాకా వస్తోంది ఆ మాట.